మాస్ క్రీక్‌లో ఒంటి తుమ్ము

"ఇతన్ని బయటికి తీసుకురా. వీలుకాకపోతే, వాళ్ళు తీసుకుపోకుండా చూడు."

చీఫ్ హారిస్ ఆ రెండు ముక్కలూ చెప్పి బల్ల మీద ఒక ఫోటో ముందుకు తోశాడు.

సియాటిల్‌లో ఒక లాండ్రీ పైన గది అది. కింద వాషింగ్ మెషీన్లు తిరుగుతుంటే నేల సన్నగా వణుకుతోంది. 1982 నవంబరు. బయట వాన. ఏజెంట్ శ్రీధర్ ఫోటో అందుకున్నాడు. నలభై దాటిన మనిషి, నూనె రాసి నున్నగా దువ్విన జుట్టు, చొక్కా జేబులో రెండు పెన్నులు. మన హైస్కూళ్ళలో లెక్కల మాస్టారి ముఖం.

"పేరు సుందర్ రాజ్. నేవీ సబ్‌మెరైన్ బేస్‌లో సోనార్ ఇంజనీర్. మన సబ్‌మెరైన్లు నీటి కింద ఎలా చప్పుడు చేస్తాయో మొత్తం ఇతని బుర్రలో ఉంది. ఆ చప్పుడు తెలిస్తే చాలు, సముద్రంలో ఎక్కడ దాక్కున్నా పట్టేస్తారు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"మాస్ క్రీక్. ఒలింపిక్ పర్వతాల పడమటి వైపు రెయిన్‌ఫారెస్ట్‌లో కుగ్రామం. ఊరు ఊరంతా ఒక ల్యాండ్ కంపెనీ కొనేసింది. ఎకరాల లెక్కన ప్లాట్లు వేసి బేస్‌లో పనిచేసేవాళ్ళకి అమ్ముతోంది. నడిపేవాడు దామోదర్, మీ తెలుగువాడే. వాడి వెనక ఉన్నది విదేశీ గూఢచారుల రింగ్. ప్లాట్ చూపిస్తామని పోయినవారం ఇతన్ని తీసుకెళ్ళారు, అంతే, మళ్ళీ రాలేదు. రేపు ఆదివారం పొద్దున సీప్లేన్‌లో దేశం దాటిస్తారు."

"రెయిడ్ చేస్తే?"

"మన జీపు కనబడగానే ముందు ఇతన్ని చంపుతారు. అందుకే నువ్వు. న్యూజెర్సీ నుంచి స్థలం కొనడానికొచ్చిన డాక్టర్ కృష్ణమోహన్. ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్, బ్యాంకులో డబ్బు, ఏంచెయ్యాలో తెలియని మనిషి."

"వీలుకాకపోతే అన్నారు..."

"నీకు అర్థమైంది."

అర్థమైంది. అర్థం కానట్టు నటించే సందు కూడా లేకుండా అర్థమైంది. శ్రీధర్ ఈ ఉద్యోగంలో మనుషుల్ని కాల్చాడు, కాదనడు. వాళ్ళంతా తుపాకీ పట్టుకుని ఎదురొచ్చినవాళ్ళు. జేబులో రెండు పెన్నులు పెట్టుకున్న అమాయకుణ్ణి కాల్చమని ఎవరూ అడగలేదు ఇంతవరకూ.

అతనికి ఒళ్ళు మండింది. ఆ మంట ముక్కులోకి ఎక్కి గట్టిగా తుమ్మాడు.

"జలుబా? మంచిది," అన్నాడు హారిస్. ముక్కులో పెట్టుకుని పీల్చే ఇన్‌హేలర్ ఒకటి తీసి ఇచ్చాడు. "లోపల ట్రాన్స్‌మిటర్ ఉంది. కింది మూత తిప్పితే హెలికాప్టర్ వస్తుంది. మా ల్యాబ్ వాళ్ళు ఏడాది కష్టపడ్డారు, పారేసుకోకు."

ఊరు దాటేముందు శ్రీధర్, బేస్ ఆఫీసు మనిషినని, ఆయన కోసం మాస్ క్రీక్ వెళ్తున్నానని చెప్పుకుని, సుందర్ రాజ్ ఇంటికి వెళ్ళాడు. ఆయన భార్య విమలకుమారి తలుపు తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. అయినా కాఫీ ఇచ్చింది. వెళ్ళేటప్పుడు లోపలికి పరిగెత్తి, గోధుమరంగు ఉన్నితో అల్లిన మంకీ క్యాప్ ఒకటి తెచ్చింది.

"అక్కడ వానంట కదా బ్రదర్. తల తడిస్తే ఆయనకి జ్వరమొచ్చేస్తది. ఇది ఇవ్వండి. రేపు చర్చిలో మా తెలుగు ఆరాధన ఉంది, ఆయన లేకపోతే పాట ఎత్తుకునేవాళ్ళే లేరు. వస్తారంటారా?"

"వస్తారమ్మా," అన్నాడు శ్రీధర్.

కారెక్కాక తన నోటిని తానే తిట్టుకున్నాడు. చంపమన్న మనిషిని తెచ్చిస్తానని మాటిచ్చే గూఢచారి ఎక్కడైనా ఉంటాడా?

*

మాస్ క్రీక్ దారి పట్టాక ఆకాశం కనబడటం మానేసింది. అటూ ఇటూ దేవదారు చెట్లు, ఒక్కొక్కటి పదిమంది చేతులు కలిపినా చుట్టలేనంత లావు. కొమ్మలకి నాచు గడ్డాల్లాగా వేలాడుతోంది. రాళ్ళకి నాచు, కంచెలకి నాచు, దారి పక్కన వదిలేసిన పాత ట్రక్కుకి కూడా నాచే. ఇక్కడ నాలుగు రోజులు కదలకుండా నిలబడితే మనిషికీ పడుతుందేమో అనిపించింది.

ఊరికి ముందు నది, నది మీద చెక్కల వంతెన. నీళ్ళు వంతెనని రాసుకుంటూ పోతున్నాయి. శ్రీధర్ కారు దాటి గట్టెక్కిందో లేదో వెనక ఫెళ్ళుమంది. అద్దంలో చూశాడు. కొట్టుకొచ్చిన చెట్టొకటి గుద్దుకుని వంతెన నడుం విరిగింది.

వచ్చిన దారి ఒక్కటే. అదీ పోయింది.

ల్యాండ్ కంపెనీ లాడ్జి ముందు ఒకామె గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఎర్ర రెయిన్‌కోటు, మెడలో సిల్కు స్కార్ఫు, ఎండ మొహం ఎరగని ఊళ్ళో నల్లకళ్ళజోడు. ఆమె కొట్టుకున్న సెంటు వానలో కూడా పది గజాలకి తగులుతోంది.

"ఇక్కడ ఎండ ఎప్పుడొస్తుందండీ?" అడిగాడు శ్రీధర్. అది కోడ్.

"పోయిన ఆగస్టులో వచ్చింది. నేను నిద్రపోతున్నాను," అందామె. జవాబు సరిగ్గా కుదిరింది.

ఆమె నళిని. దామోదర్‌కి సెక్రెటరీ, రెండేళ్ళుగా ఏజెన్సీకి ఈ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కన్ను.

"వంతెన పోయింది," అన్నాడు గొంతు తగ్గించి.

"ఫోన్ నిన్ననే పోయింది. ఇంక మనకి మిగిలింది లాడ్జి వెనక సరస్సే. ఎగువన నదిలో దుంగలు అడ్డం పడి కట్టలా నిలబడ్డాయి. ఆ కట్ట తెగిందంటే దుంగలన్నీ సరస్సులోకొస్తాయి, అప్పుడు ప్లేన్ కూడా కదలదు. అందుకే వాళ్ళు తొందర మీదున్నారు." నల్లకళ్ళజోడు తీసింది. కళ్ళ కింద నల్లటి చారలు. "నన్ను కూడా తీసుకుపోతారు కదా శ్రీధర్ గారూ? రెండేళ్ళండీ. బట్టలు ఆరి రెండేళ్ళయింది."

"చూద్దాం," అన్నాడు శ్రీధర్. ఆ ఒక్క మాట ఎంత ఖరీదైనదో అప్పుడతనికి తెలియదు.

లాడ్జిలో పొయ్యి మండుతోంది. పొయ్యి పక్క కుర్చీలో సుందర్ రాజ్. ఫోటోలోని నున్నటి జుట్టు ఇప్పుడు చెదిరి ఉంది. జేబులో పెన్నులు మాత్రం ఉన్నాయి.

దామోదర్ చేతులు చాచి ఎదురొచ్చాడు. గుండ్రటి మనిషి, గుండ్రటి నవ్వు, రాజమండ్రి యాస. "రండి రండి డాక్టర్ గారూ! వంతెన పోయిందని కంగారుపడకండి. సైట్ చూడ్డానికొచ్చి సగంలో పారిపోయేవాళ్ళని ఆపడానికి దేవుడు చేసిన ఏర్పాటండి ఇది. అయ్ బాబోయ్, ఇలాంటి గాలి న్యూజెర్సీలో దొరుకుద్దా? ఇప్పుడు రెండెకరాలు బుక్ చేసి పడెయ్యండి, రిటైరయ్యేనాటికి బంగారం. ఇక్కడికొచ్చినోళ్ళు మళ్ళీ వెళ్తామని అనరండి."

"అనరు," అన్నాడు సుందర్ రాజ్ మెల్లగా. "అన్నా పంపరు."

దామోదర్ పగలబడి నవ్వాడు. "జోకులెక్కువండి మా ఇంజనీర్ గారికి. పదండి, ప్లాట్ చూద్దాం." గొడుగు తీసుకుని గడప దగ్గరికి నడిచాడు. ఒక కాలు బయటపెట్టబోయాడు.

శ్రీధర్ తుమ్మాడు.

ఒక్కటే తుమ్ము. దామోదర్ కాలు గాల్లో ఆగింది. వెనక్కి తీసుకున్నాడు. గొడుగు మూసి, కుర్చీలో కూర్చుని, నళినిచేత గ్లాసుడు నీళ్ళు తెప్పించుకుని తాగాడు.

"నమ్మకం లేదండోయ్," అన్నాడు కాస్త సిగ్గుపడి. "ఎమ్మెస్సీ ఫిజిక్సండి నేను. కానీ ఒంటి తుమ్ము వినబడితే కాలు ముందుకి పడదు. ఏంచెయ్యను, మా నాయనమ్మ పెంపకం. వెంటనే రెండోది కూడా తుమ్మేస్తే బాధే లేదు, జంట తుమ్ము శుభం."

"మా ఇంట్లో ఇలాంటివి పట్టించుకోమండి," అన్నాడు సుందర్ రాజ్. "ప్రార్థన చేసుకుంటాం, బయల్దేరతాం. అంతే."

దామోదర్ బూట్ల కోసం లోపలికెళ్ళగానే శ్రీధర్ కోటులోంచి మంకీ క్యాప్ తీసి సుందర్ రాజ్ ఒళ్ళో పెట్టాడు. ఆయన దాన్ని చూశాడు. అంచున తప్పిపోయిన అల్లిక మీద వేలు పెట్టాడు.

"మా విమల అల్లింది బాబూ ఇది," అన్నాడు వినీవినబడనట్టు. "ఎలా ఉంది? తింటందా?"

"ఆరాధనకి మీరొస్తారని చూస్తోంది."

"నేనిక్కడ ఇన్వెస్టర్నో ఖైదీనో తెలియట్లేదు బాబూ. నన్నెక్కడికో పంపించేస్తారు వీళ్ళు. నాకు తెలిసింది చెప్పే రకాన్ని కాదు నేను. కానీ మనిషికి నొప్పంటూ ఒకటుంటది కదా. నాకు భయంగా ఉంది."

కిటికీ దగ్గర నిలబడి నళిని ఇదంతా చూసింది.

ప్లాట్ చూడటమంటే నాచు చూడటమే. దామోదర్ ముందు నడుస్తూ ఇక్కడ బెడ్‌రూమ్, ఇక్కడ గరాజ్ అని చెట్లని చూపించాడు. శ్రీధర్ వెనకబడి ఇన్‌హేలర్ మూత తిప్పాడు. పచ్చ లైటు వెలగాలి. వెలగలేదు. ఇంకోచోట తిప్పాడు. నెత్తిమీద ఆ చెట్ల కప్పు ఉన్నంతసేపూ అది ఉత్త ఇన్‌హేలరే. ముక్కుకి కూడా పనిచెయ్యలేదు.

తిరిగొచ్చాక నళిని కాఫీ తెచ్చింది. శ్రీధర్ వాన చూస్తూ ఆలోచిస్తున్నాడు.

"శ్రీధర్ గారూ, కాఫీ చల్లారిపోతోందండి," అన్నాడు దామోదర్ మర్యాదగా.

శ్రీధర్ చెయ్యి కప్పు దాకా వెళ్ళి ఆగింది. డాక్టర్ కృష్ణమోహన్ అన్న పేరు అప్పుడు గుర్తొచ్చింది. మెడకి చల్లటి ఇనుము తగిలింది. వెనక నిలబడిన తెల్లవాడు, సీప్లేన్ పైలట్ కార్ల్, అతని జేబులోంచి పిస్తోలు లాగేసుకున్నాడు.

శ్రీధర్ నళిని వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"చూద్దాం అన్నారు మీరు," అందామె. "దామోదర్ గారు ప్లేన్‌లో సీటిస్తానన్నారు."

*

చేపల్ని పొగబెట్టి ఆరబెట్టే చెక్క కొట్టులో అతన్ని పడేశారు. కిటికీ లేదు. గోడలకి ఏళ్ళనాటి పొగ, చేపల వాసన. తలుపు గుద్దాడు, కప్పు తన్నాడు, నేల గీరాడు. ఎక్కడా కదల్లేదు. పైన వాన మాత్రం ఆగకుండా కొడుతూనే ఉంది. ఎక్కడో పైనుంచి దుంగలు మూలిగిన చప్పుడు. ఆ కొట్టులో కూచుని శ్రీధర్ నిజంగా భయపడ్డాడు. తన ప్రాణం గురించి కాదు. వస్తారమ్మా అని చెప్పొచ్చాడు కదా, దాని గురించి.

తెల్లవారాక గడియ తీసిన చప్పుడైంది. ఎదురుగా ఎర్ర రెయిన్‌కోటు.

"ప్లేన్ బయల్దేరుతోంది. అందులో మూడే సీట్లట," అంది నళిని. "పైలట్‌కొకటి, ఆయనకొకటి, ఇంజనీర్‌కొకటి. నన్ను పోస్ట్‌లో పంపిస్తాడేమో, అడగలేదు."

శ్రీధర్‌కి తిట్టాలనిపించింది. తిట్టే టైము లేదు. ఆమె పిస్తోలు చేతికిచ్చింది. తెరిచి చూశాడు.

"ఒక్కటే గుండుంది?"

"మిగతావి ఏట్లో పారేశాను. అన్నీ ఇస్తే నన్ను కూడా కాలుస్తారని."

సరస్సు మీద తెల్లగా పొగమంచు. నీళ్ళలోకి కట్టిన చెక్కల డాక్ చివర సీప్లేన్ ఇంజన్ రొద చేస్తోంది. కాక్‌పిట్‌లో కార్ల్. ఒడ్డున నరికేసిన దేవదారు మోడు వెనక శ్రీధర్, పక్కన నళిని, ఇద్దరూ బురదలో బోర్లా పడుకున్నారు.

దామోదర్ డాక్ మీద నడుస్తున్నాడు. చేతులు కట్టేసిన సుందర్ రాజ్‌ని అడ్డం పెట్టుకుని, ఆయన వీపుకి తుపాకీ ఆనించి, ఒడ్డు వైపు చూస్తూ వెనక్కి వెనక్కి అడుగేస్తున్నాడు. జాగ్రత్తపరుడు. తన ఒళ్ళు ఇంత కూడా కనబడనివ్వడం లేదు. గురికి దొరుకుతున్నది ఒక్కటే, గోధుమరంగు మంకీ క్యాప్.

వీలుకాకపోతే...

శ్రీధర్ పిస్తోలు ఎత్తాడు. గురి కుదిరింది. ఒక్క వేలు నొక్కితే చీఫ్ ఆర్డర్ పూర్తవుతుంది, పతకం కూడా రావచ్చు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాన అనుకుందామన్నా కుదరదు, వెచ్చగా ఉన్నాయి. దామోదర్ ప్లేన్ దాకా చేరాడు. మడమ ఎత్తి, ప్లేన్‌ని నీళ్ళ మీద తేల్చే ఫ్లోట్ మీద పెట్టబోయాడు.

"క్షమించమ్మా," అనుకున్నాడు శ్రీధర్. వేలు బిగించాడు.

అప్పుడు ముక్కు తిరగబడింది. రెండు రోజుల పడిశం, కొట్టులో పీల్చిన పొగ, మొహం కింద నాచు, అన్నీ కలిసి ఒక్కసారి బయటికొచ్చాయి.

"హాఁచ్!"

సరస్సు అంతా మారుమోగింది.

ఇంకెవడైనా అయితే తుపాకీ అటు తిప్పి కాల్చేవాడు. లేదా ఒక్క గెంతు గెంతి ప్లేన్‌లో పడేవాడు. దామోదర్ కాలు వెనక్కి తీసుకున్నాడు. పక్కనున్న పెట్టె మీద కూలబడి, సుందర్ రాజ్‌ని ముందు కూర్చోబెట్టుకున్నాడు.

"గెట్ ఇన్!" కార్ల్ అరిచాడు. "ఏం చేస్తున్నావ్?"

"వన్ మినిట్!" దామోదర్ వంగి దోసిట్లో సరస్సు నీళ్ళు తీసుకుని తాగాడు. తర్వాత ఒడ్డు వైపు గొంతెత్తాడు. "శ్రీధర్ గారూ! మీరేనని తెలుసండి! ఆ రెండోది కూడా కానిచ్చెయ్యండి, ఎవరి దారిన వాళ్ళం పోదాం!"

మాయదారి ముక్కు, ఆ మాట వినగానే విశ్వాసంగా రెండోదానికి సిద్ధమైంది. శ్రీధర్ పిస్తోలు కింద పడేసి రెండు చేతులా ముక్కు పట్టుకున్నాడు. తుమ్ము కళ్ళలోకి ఎక్కింది, చెవుల్లోకి ఎక్కింది. సాయం చేద్దామని నళిని తన స్కార్ఫు అతని ముక్కుకి అదిమింది. ఆ సెంటు వాసనకి ప్రాణం పోయినంత పనైంది. తల అడ్డంగా ఊపుతూ ఆమె చెయ్యి తోసేశాడు.

"నళినీ!" దామోదర్ కేకేశాడు. "అక్కడే ఉన్నావని తెలుసు. నువ్వైనా ఒకటి తుమ్మవే! ఇన్నాళ్ళు ఉప్పు తిన్నావు!"

నళిని పెదవి విరిచింది. "సీటిచ్చుంటే తుమ్మేదాన్ని," అంది తనలో తాను.

"ఇడియట్! ఆ కట్ట తెగుతోంది!" కార్ల్ గొంతు చించుకున్నాడు.

"వస్తున్నా, వస్తున్నా. నీళ్ళు తాగాం, కూర్చున్నాం, చాలు." దామోదర్ మోకాళ్ళ మీద చెయ్యేసి లేచాడు.

ఆ నిమిషం చాలింది. ఎగువన కొండ విరిగినట్టు చప్పుడైంది. పొగమంచు చీల్చుకుని దుంగలొచ్చాయి. ఒకటి కాదు, అడవికి అడవే తేలి వచ్చినట్టు. మొదటి దుంగ ప్లేన్ ఫ్లోట్‌ని పొడిచింది. రెక్క ఒరిగి నీళ్ళని కొట్టింది. కార్ల్ తలుపు తోసి దూకేశాడు. మరో దుంగ డాక్ నడుముకి తగిలి చెక్కలు పటపటా విరిగాయి. తూలిన దామోదర్ రెండు చేతులూ చాచాడు, తుపాకీ జారి నీళ్ళలో పడింది.

"దూకండి సుందర్ రాజ్ గారూ!"

సుందర్ రాజ్ కళ్ళు మూసుకుని ఒడ్డు వైపు దూకాడు. మునిగాడు. శ్రీధర్ అప్పటికే నీళ్ళలో ఉన్నాడు. ఆ నీళ్ళు సూదుల్లా పొడిచాయి. చేతికి ముందు ఉన్ని తగిలింది, తర్వాత కాలరు దొరికింది. లాక్కుంటూ బురదలోకి ఈడ్చి, చేతుల కట్లు విప్పాడు. ఆయన దగ్గి, ఉమ్మి, ఊపిరి తీసుకున్నాడు. బతికి ఉన్నాడు! శ్రీధర్ ఆయన్ని గట్టిగా కావలించుకున్నాడు. గూఢచారులు అలా చెయ్యకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు. చెప్తే చెప్పారు.

అప్పుడొచ్చింది ఆ రెండోది, ఆపినదానికి వడ్డీతో సహా.

విరిగిన డాక్ ముక్క సరస్సు మధ్యకి కొట్టుకుపోయి, దుంగల మధ్య ఇరుక్కుంది. దాని మీద పెట్టె, పెట్టె మీద దామోదర్. ఎటు దూకుదామన్నా దుంగలే.

"ఇప్పుడా అండి తుమ్మేది!" అన్నాడతను అక్కణ్ణించి, ఏడుపు గొంతుతో.

నీళ్ళ ఒడ్డున చెట్ల కప్పు లేదు. శ్రీధర్ ఇన్‌హేలర్ మూత తిప్పాడు. పచ్చ లైటు వెలిగింది.

*

హెలికాప్టర్ దిగేసరికి పొగమంచు విడిపోయింది. ముందు దుంగ పట్టుకుని వేలాడుతున్న కార్ల్‌ని, తర్వాత దామోదర్‌ని తాడేసి పైకి లాగి, సంకెళ్ళు వేసి వెనక కూర్చోబెట్టారు. నళిని తనే చేతులు చాపింది.

"నన్ను ఏ లెక్కలో రాస్తారు? మీ మనిషినా, వాళ్ళ మనిషినా?"

"తలుపు తీసిన సంగతీ రాస్తాను, నా పేరు చెప్పేసిన సంగతీ రాస్తాను," అన్నాడు శ్రీధర్. "ముందు ఈ వానలోంచి బయటపడండి."

ఆమె తలుపు పక్క సీట్లో కూర్చుని బెల్టు రెండుసార్లు సరిచూసుకుంది.

సుందర్ రాజ్ తడిసిన మంకీ క్యాప్ పిండి, మళ్ళీ తలకి పెట్టుకున్నాడు. "ఆరాధన టైముకి చేరతామా బాబూ?"

"చేరతాం. మాటిచ్చాను."

పైలట్ బొటనవేలు పైకెత్తాడు. రెక్కలు గిర్రున తిరిగాయి. హెలికాప్టర్ నేల విడవబోతోంది.

శ్రీధర్ తుమ్మాడు.

ఒక్కటే. అందరూ అతని ముక్కు వైపే చూశారు. వెనక సంకెళ్ళలోంచి దామోదర్ కూడా చూశాడు. రెండోది వచ్చే సూచన కనబడలేదు.

సుందర్ రాజ్ గొంతు సవరించుకున్నాడు. "మేం ఇలాంటివి పట్టించుకోమనుకోండి," అన్నాడు. "కానీ పైలట్ గారిని ఒక్క నిమిషం ఆగమనండి బాబూ. చిన్న ప్రార్థన చేసుకుంటాను."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నళిని కూడా మూసుకుంది. రేడియోలో చీఫ్ గొంతు గరగరలాడింది. "టేకాఫ్ ఎందుకు ఆగింది? ఏదైనా ప్రాబ్లమా?"

శ్రీధర్ పక్కనున్న నీళ్ళ సీసా అందుకుని రెండు గుక్కలు తాగాడు.

"ఏం లేదు సర్," అన్నాడు. "సెక్యూరిటీ చెక్."